కూలెంట్ లీకు పట్టాలంటే: ప్రెషర్ టెస్టరా, యూవీ డైయా?

కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది, కింద మరక లేదు. అలాంటప్పుడు ముందు ప్రెషర్ టెస్టరే, అంటే కూలింగ్ వ్యవస్థలోకి గాలి కొట్టి ఒత్తిడి నిలుస్తుందో లేదో చూపే చేతి పంపు. ఇంజన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి అక్కడ టెస్టర్ బిగించి, ఆ మూత మీద రాసినంత ఒత్తిడి వరకే కొట్టాలి. చాలా కార్లకు అది 0.9–1.1 బార్. మించితే పాత ప్లాస్టిక్ ట్యాంకు పగలొచ్చు. పదిహేను నిమిషాలు టెస్టర్ ముల్లు కదలకూడదు. ముల్లు దిగుతున్నా బయట చుక్క లేకపోతే, ఎడమ సీటు ముందు కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. జిగటగా, తియ్యటి వాసనతో తడి ఉంటే హీటర్ కోర్ (కారు లోపలికి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతున్నట్టే. మామూలు నీళ్లయితే ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పూడుకుపోయి ఉంటుంది. కార్పెట్ పొడిగా ఉంటే కూలెంట్ ఇంజన్ లోపలికే పోతుండొచ్చు; హెడ్ గ్యాస్కెట్‌ను (ఇంజన్ బ్లాకుకూ పై హెడ్‌కూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి.

యూవీ డై అంటే కూలెంట్‌లో కలిపే, యూవీ వెలుగులో మెరిసే రంగు. అది అవసరం, బండి వేడెక్కినప్పుడే కారే సన్న లీకులకు. సీసా మీద చెప్పినంత పోసి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, ఒకటి రెండు రోజులు నడిపాక చీకట్లో యూవీ టార్చి వేయండి. వాటర్ పంపు, హోస్ క్లిప్పుల దగ్గర కారితే అక్కడ మెరుస్తుంది. డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ కోర్‌కు మాత్రం టార్చి వెలుగు అందదు.