ఇన్నిస్ట్రాడ్, థెరోస్, కలదేశ్: కార్డుకీ కథకీ లంకె ఎక్కడ బాగా కుదిరింది?

మ్యాజిక్ ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆట ఆడేవాళ్ళు నలుగురు కూర్చుంటే ఎప్పటికీ తెగని గొడవ ఒకటుంది, ఏ సెట్‌లో (ఒక లోకం కథ మీద ఒక విడతగా వచ్చే కార్డులు) కార్డులు వాటి కథకి బాగా సరిపోయాయి అని. చాలామంది బొమ్మ చూసి ఓటేస్తారు. నా పద్ధతి వేరే, పేరూ బొమ్మా వేలితో మూసేసి కింద రాసిన రూల్ ఒక్కటే చదువుతా, అది ఎవరో ఏంటో చెప్పగలిగితేనే మార్కులు. ఈ లెక్కన మూడు సెట్లు పక్కపక్కన పెడుతున్నా: 2011లో వచ్చిన ఇన్నిస్ట్రాడ్, అంటే దెయ్యాలూ తోడేలు మనుషులూ, 2013 థెరోస్, గ్రీకు పురాణాలు, 2016 కలదేశ్, మన దేశం పోలికలతో కట్టిన యంత్రాల లోకం.

ముందు థెరోస్, ఎందుకంటే నా వేలి పరీక్షలో అలవోకగా పాసయ్యేది ఇదే. హండ్రెడ్ హ్యాండెడ్ వన్ అని ఒక కార్డుంది, ఆరు మనా (కార్డులు వాడటానికి కట్టే శక్తి) కట్టి దాన్ని రాక్షసుడిగా మారిస్తే "అదనంగా 99 క్రీచర్లని బ్లాక్ చెయ్యొచ్చు" అని రాసుంటుంది. క్రీచర్ అంటే మన తరఫున పోరాడే ప్రాణి, బ్లాక్ అంటే మీదికొచ్చేదాన్ని అడ్డుకోవడం. మామూలుగా ఎవరైనా ఒకదాన్ని బ్లాక్ చేస్తారు కదా, దానికి ఈ 99 కలిపితే నూరు చేతులు. అవతలివాడి దగ్గర 99 క్రీచర్లు ఎప్పుడూ ఉండవు, అయినా చదవగానే నవ్వొస్తుంది, పేరు అక్కర్లేదు. దేవుళ్ళ కార్డులు కూడా అంతే. థాసా అనే సముద్ర దేవత టేబుల్ మీదే ఉంటుంది, ఎవడూ నాశనం చెయ్యలేడు, కానీ మన కార్డుల మూలల్లో నీలం గుర్తులు అన్నీ కలిపి ఐదు అయ్యేదాకా ఒళ్ళు రాదు, అంటే యుద్ధానికి దిగదు. కొలిచేవాళ్ళు ఉంటేనే దేవుడు ప్రత్యక్షం అవుతాడు అన్నమాట, ఇది మనకి ఎవడూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ వెంటనే 2014లో వచ్చిన చిన్న సెట్‌లో గిల్డ్ అని ఇంకోటి, ఎదుటి క్రీచర్‌ని ఆటలోంచి తీసేసి దాని బదులు మన వైపు ఒక బంగారు టోకెన్ (కార్డు బదులు పెట్టే బిళ్ళ) పెడుతుంది. ముట్టుకుంటే బంగారమైపోయే మైడాస్ రాజు కథ మొత్తం రెండు లైన్లలో అయిపోయింది!

కానీ అదే థెరోస్‌లో ఆక్రోవన్ హార్స్ చూడండి, అదే ట్రోజన్ గుర్రం. మనం వెయ్యగానే అవతలివాడి సొంతం అయిపోతుంది, ఆ తర్వాత వాడి ప్రతి టర్న్ మొదట్లో మనకొక సైనికుడు పుడతాడు. చదువుతుంటే అద్భుతం. ఆడితే మాత్రం నాకు తిక్కరేగింది, ఎందుకంటే ఆ గుర్రం 0/4 (ముందు అంకె పవర్, అంటే కొట్టే దెబ్బ, రెండోది తట్టుకునే ఓర్పు) డిఫెండర్, అంటే దాడికి వెళ్ళదు, నా సైనికులేమో 1/1 వాళ్ళు, అంటే వాళ్ళు కడుపులోంచి దిగిన గుర్రమే వాళ్ళకి అడ్డంగా గోడలా నిలబడి ఒక్కొక్కణ్ణీ చంపకుండా ఆపేస్తుంది, ట్రాయ్ కోట తలుపు తీసేవాడే లేడు. కాయితం మీద కథ, టేబుల్ మీద కామెడీ. బెస్టో అనే మెకానిక్ సంగతి సరేసరి, ఒక క్రీచర్ ఇంకో క్రీచర్‌కి తాయెత్తులా అంటుకోవడం గ్రీకు కథల్లో ఎక్కడుందో నాకైతే తట్టలేదు.

ఇక కలదేశ్. మనవాళ్ళకి దీనిమీద మమకారం ఎక్కువ, నాకూ ఉంది, చాంద్రా (ఈ కథల్లో నిప్పు మంత్రగత్తె) వాళ్ళ నాన్న పేరు కిరణ్ అని చూసినప్పుడు భలే అనిపించింది. కానీ వేలితో మూసి చదివితే ఇండియా మాయం. రష్మి కార్డు తీసుకోండి, మన క్లాసుకి ఇద్దరు చొప్పున ఉండే పేరు, ఆవిడ ఇక్కడ ఎల్ఫ్, చెవులు కొనదేలి ఉంటాయి. పేర్లూ నగలూ చీరకట్టు లాంటి బట్టలూ మనవి, రూల్స్ మాత్రం యంత్రాలు చేసేవాళ్ళవి. ఆ యంత్రాల వరకు చూస్తే మాత్రం బాగా కుదిరింది, బండి నడవాలంటే క్రూ కావాలి, అంటే మన క్రీచర్లని పక్కకి తిప్పి బండెక్కించాలి, స్మగ్లర్స్ కాప్టర్‌కి ఒక్క పవర్ ఉన్నవాడు చాలు, ఆరదారా ఎక్స్‌ప్రెస్ రైలుకి నాలుగు పవర్ కావాలి. ఎనర్జీ అని కూడబెట్టి ఖర్చుపెట్టేది ఒకటుంది, అది మాత్రం ఉత్త అంకెలు, నోట్‌బుక్ మార్జిన్‌లో రాసుకునే పద్దు. నాకు బాగా నచ్చింది కాంబల్, ఈయన కేటాయింపుల కాన్సుల్, అవతలివాడు క్రీచర్ కానిది ఏది వేసినా వాడికి రెండు ప్రాణం కోత, మనకి రెండు జమ. టాక్స్ ఆఫీసరే, పేరు మూసినా తెలిసిపోతుంది. కథలో కాన్సులేట్, అంటే అక్కడి ప్రభుత్వం వాళ్ళు జనం చేసిన యంత్రాలన్నీ జప్తు చేస్తారు, బయట ఏం జరిగిందంటే 2017 జనవరిలో కాప్టర్‌ని, జూన్‌లో ఎయిథర్‌వర్క్స్ మార్వెల్ అనే ఇంకో యంత్రం కార్డుని స్టాండర్డ్‌లో (కొత్త సెట్లతోనే ఆడే పోటీల్లో) బ్యాన్ చేశారు, ఇంతకన్నా కథకి అతికిన పని ఇంకోటి లేదు!

ఒక్కటి చెప్పాలి ఇక్కడ. మన పురాణాల్లో వరాలన్నీ పుట్టడమే రూల్స్ టెక్స్ట్‌లా పుట్టాయి. పగలు కాదు రాత్రి కాదు, ఇంట్లో కాదు బయట కాదు, మనిషి కాదు మృగం కాదు, హిరణ్యకశిపుడి వరాన్ని ఉన్నదున్నట్టు కార్డు మీద అచ్చేస్తే డిజైనర్‌కి సగం పని అయిపోయినట్టే, సందు వెతకడం అవతలివాడి పని. కలదేశ్‌లో దాని జోలికే పోలేదు. వాళ్ళు తీసుకున్నది పురాణం కాదు లెండి, అయినా కడుపు మండుతుంది. తర్వాత ఆ లోకం పేరుని ఆవిష్కార్ అని మార్చారు, అది మాత్రం యంత్రాల కథకి సరైన పేరు, పాత పేరు మన చెవికి కళల దేశం, హిందీవాళ్ళకి నల్ల దేశం.

ఇన్నిస్ట్రాడ్‌కి వస్తే, నా ఓటు దీనికే. ఇన్విజిబుల్ స్టాకర్ అని 1/1 వాడు, అవతలివాడు వాణ్ణి గురిపెట్టలేడు, ఎవరూ బ్లాక్ చెయ్యలేరు, కనపడనివాడు కదా మరి. వాడి చేతికి బుచర్స్ క్లీవర్ తొడిగితే గాల్లో కత్తి ఒక్కటే తేలుతూ వస్తున్నట్టు ఉంటుంది, ఎదురుగా కూర్చున్నవాడికి ఒళ్ళు మండుతుంది, అది వేరే సంగతి. అసలు గొప్పదనం తోడేలు మనుషుల్లో ఉంది. కార్డుకి రెండు వైపులా బొమ్మ, మ్యాజిక్‌లో అలా చెయ్యడం అదే మొదలు. ఒక టర్న్ అంతా ఎవరూ ఏ స్పెల్ (మనా కట్టి వేసే కార్డు) వెయ్యకపోతే మనిషి తోడేలు అవుతాడు, తర్వాత ఎవరో ఒకరు ఒకే టర్న్‌లో రెండు స్పెల్స్ వేస్తేనే మళ్ళీ మనిషి. ఊరు సద్దుమణిగితే రాత్రి, సందడి ఉంటే పగలు, అంతే. హాస్టల్‌లో ఒకసారి మా రూమ్మేట్ మేయర్ ఆఫ్ అవబ్రక్ దించాడు, మనిషిగా ఉన్నప్పుడు 1/1, పెద్దమనిషి తరహా. నా చేతిలో ఒక్కటే స్పెల్ మిగిలింది, దాన్ని మంచి టైమ్‌కి దాచుకోవాలి, కానీ దాచుకుంటే మేయర్ తోడేలైపోయి వాడి ప్రతి టర్న్‌కీ ఒక 2/2 తోడేలుని కంటాడు, అందుకని అక్కర్లేకపోయినా ఆ స్పెల్ వేసేశా, అచ్చం చీకట్లో భయమేసి గట్టిగా పాట పాడుకునేవాడిలా. తర్వాతి టర్న్‌కి వెయ్యడానికి నా దగ్గర ఏమీ లేదు. వాడు కావాలనే చేతిలో కార్డులు పట్టుకుని ఏమీ వెయ్యకుండా నవ్వుతూ కూర్చున్నాడు, ఆ పది సెకన్లు నిజంగా గుబులేసింది.

స్లీవ్ (కార్డుకి వేసే ప్లాస్టిక్ తొడుగు) లోంచి కార్డు తీసి, తిప్పి, మళ్ళీ దూర్చడం మాత్రం పెద్ద తలనొప్పి, నాలుగైదుసార్లు చేస్తే స్లీవ్ మూలలు చిరుగుతాయి. మా వాడు మేయర్‌ని తిప్పేసరికి నేను లేచి టీ పెట్టుకొచ్చా.