తూటాలు పోసే కుంపటిలో వల గుండ్లు: నాలుగేళ్ళు వాడాక

వలకి సీసం గుండ్లు పోసుకునేవాళ్ళు కరెంటు కుంపటి కొనుక్కోండి. అచ్చు విషయంలో మాత్రం తొందరపడొద్దు. ఇంతకంటే చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపెయ్యొచ్చు.

మిగతావాళ్ళకి వివరంగా చెప్తాను. నేను కళింగపట్నం దగ్గర వలలు కట్టి అమ్ముతాను. విసురు వలలు, టంగూసు వలలు, వాటి అడుగు తాడుకి సీసం గుండ్లు. మా అప్ప కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. వాడికి పెద్ద రివాల్వర్ల పిచ్చి. .45 కోల్ట్ తూటాల్ని ఇంట్లోనే తయారు చేసుకుంటాడు. ఆ తూటా 1873 నాటిది, ఇప్పటికీ పేలుస్తున్నారు. పేలిన ఇత్తడి తొడుగుల్ని ఏరి తెచ్చుకోవడం, మందుకి నిప్పంటించే ప్రైమరు కొత్తది ఎక్కించడం, మందు తూచి పోయడం, పైన తను పోసుకున్న సీసం గుండు బిగించడం. సొంత వాడకానికైతే అక్కడ దానికి అడ్డు లేదు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చెయ్యడం నేరం. అందుకే వాడు తన తూటా అచ్చొకటి కూడా పెట్టెలో పడేస్తానంటే వద్దన్నాను. తెచ్చింది రెండే: సీసం కరిగించే కరెంటు కుంపటి, చేపల గుండ్ల అల్యూమినియం అచ్చు. ఆ దేశంలో తూటా పోసేవాడూ గాలం గుండు పోసేవాడూ ఒకే రకం కుంపటి కొంటారట.

కుంపటి చూడ్డానికి పొట్టి స్టీలు డబ్బా. 9 కిలోల సీసం పడుతుంది. కింద చిన్న ముక్కు ఉంటుంది, పక్కనున్న పిడి ఎత్తితే లోపలి కడ్డీ లేచి ఆ ముక్కులోంచి సీసం సన్న ధారగా దిగుతుంది. గరిటెతో పనిలేదు. దీని గొప్పంతా అక్కడే ఉంది. కరిగిన సీసం మీద ఎప్పుడూ తెట్టు తేలుతుంది. గరిటెతో ముంచితే ఎంత పక్కకి తోసినా కొంత గుండులోకి వస్తుంది. ఈ కుంపట్లో ధార అడుగునుంచి వస్తుంది కాబట్టి తెట్టు పైనే మిగిలిపోతుంది, గుండు శుభ్రంగా పడుతుంది. కట్టెల పొయ్యి మీద మూకుడు పెట్టి పోసిన రోజుల్లో ఒక వలకి సరిపడా పోసేసరికి నడుం పట్టేసేది, కళ్ళు మండేవి. ఇప్పుడు కుర్చీ వేసుకుని కూర్చుని పోస్తున్నాను.

మొదటి తిప్పలు కరెంటుతో వచ్చాయి. అది 110 వోల్టుల సామాను. మన 230లో నేరుగా పెడితే నాలుగు రెట్లకి పైగా వేడి లాగి కాయిల్ కాలిపోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. కుంపటి 700 వాట్లది. ట్రాన్స్‌ఫార్మర్ 1000కి తక్కువ తీసుకోవద్దు. నా దగ్గరున్నది 1500ది, మధ్యాహ్నం దాకా నడిపినా గోరువెచ్చగానే ఉంటుంది. 220 వోల్టుల రకం కూడా దొరుకుతుందని తర్వాత తెలిసింది. తెప్పించుకునేవాళ్ళు ముందే అది అడగండి, ఈ ఇనప దిమ్మ మోసే బాధ తప్పుతుంది. నిండా చల్లటి సీసం పెడితే కరగడానికి ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. పని ముగిశాక మూడో వంతు సీసం అందులోనే వదిలేస్తాను, మర్నాడు బేగి అందుకుంటుంది.

వేడి తిప్పుకునే బిళ్ళ మీద ఒకటి నుంచి పది దాకా అంకెలున్నాయి. వాటిని నమ్మొద్దు. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, గుండు బాగా పడాలంటే 370 నుంచి 400 మధ్య ఉండాలి. థర్మామీటరు లేకపోయినా మెత్తటి సీసం రంగుతో చెప్పేస్తుంది. తెట్టు తీసిన వెంటనే పైభాగం అద్దంలా మెరుస్తుంది. చూస్తూ ఉండగానే పల్చటి పసుపు పొర కట్టి, అది నీలంలోకి, ఊదాలోకి తిరిగితే వేడి ఎక్కువైందని లెక్క. బిళ్ళ ఒక గీత వెనక్కి తిప్పుతాను.

ముక్కు కారుతుంది. ఈ రకం కుంపటి వాడేవాళ్ళందరి నోటా వినే ఫిర్యాదు ఇదే. పిడి దించాక కూడా చుక్క చుక్కగా పడుతూనే ఉంటుంది. కడ్డీ మొన కింద నలుసు చేరితే జరిగేది అంతే. సీసం కరిగి ఉన్నప్పుడే కడ్డీ తలలోని గాడిలో స్క్రూడ్రైవరు పెట్టి నాలుగైదు సార్లు అటూ ఇటూ తిప్పితే చాలావరకు ఆగుతుంది. పూర్తిగా ఆగదు. ముక్కు కింద ఎప్పుడూ ఒక ఇనప ప్లేటు ఉంచుతాను, పడిన చుక్కలు తిరిగి కుంపట్లోకే పోతాయి.

మురికి సీసాన్ని ఇందులో వెయ్యకపోవడమే అసలు మందు. పాత గుండ్లు, పాత కేబుల్ తొడుగులు ఏవైనా సరే ముందు బయట కట్టెల పొయ్యి మీద, పోత ఇనుము మూకుట్లో కరిగిస్తాను. సత్తు గిన్నె పనికిరాదు, ఆ వేడికి మెత్తబడి బరువుకి అడుగు జారిపోతుంది. కరిగాక వేరుశనగ గింజంత కొవ్వొత్తి ముక్క వేసి కలుపుతాను. పొగ వస్తుంది, ఒక్కోసారి మంట కూడా అంటుకుంటుంది, కంగారుపడక్కర్లేదు. ఆ మైనం మురికిని విడగొట్టి పైకి తెస్తుంది. నల్లటి పొడిని తీసేసి, మిగిలినదాన్ని పొంగడాల మూకుట్లో బిళ్ళలుగా పోసుకుంటాను. ఆ పొంగడాల మూకుడు మళ్ళీ వంటింటి గడప తొక్కకూడదు. మా ఇంట్లో దానికి ఎర్ర రంగు పూసి ఉంచాం.

బ్యాటరీ పలకలు మాత్రం ఎవరు ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. వాటిలో ఆసిడ్ ఉంటుంది, సీసాన్ని గట్టిపరిచే ఆంటిమొనీ, ఆర్సెనిక్ లాంటివి కలిసి ఉంటాయి. కరిగించేటప్పుడూ, ఆ తెట్టు తర్వాత తడిసినప్పుడూ ప్రాణాలు తీసే వాయువులు పుట్టగలవు. టైర్లకి కొట్టే బరువులు కూడా చూసి కొనాలి. ఇప్పుడు వచ్చేవాటిలో జింకువి కూడా ఉంటాయి. జింకు 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి వేడి తక్కువగా ఉంచితే కరక్కుండా పైకి తేలుతుంది, అప్పుడే ఏరెయ్యాలి. కరిగి కలిసిపోతే కుంపట్లోని సీసమంతా చిక్కబడి గంజిలా అవుతుంది, అచ్చులో సరిగా పడదు.

ఇక్కడే తూటా పోసేవాడికీ నాకూ దారులు వేరవుతాయి. వాడికి గట్టి సీసం కావాలి. బ్రినెల్ కొలత మీద వట్టి సీసం గట్టిదనం 5 దగ్గర ఉంటుంది. పాత టైరు బరువులది 12 దాకా వెళ్తుంది. నూటికి 90 పాళ్ళు సీసం, 5 తగరం, 5 ఆంటిమొనీ కలిపితే 15. 1873 నాటి నెమ్మది తూటాకి కాస్త తగరం కలిపిన మెత్తటి సీసం సరిపోయేది. 1955లో వచ్చిన .44 మాగ్నం తూటా వేగానికి అది చాలదు, గట్టి మిశ్రమం కావాలి, లేదంటే గుండు అడుగున చిన్న రాగి టోపీ తొడగాలి. గట్టిదనం కన్నా కొలత ముఖ్యమంటాడు మావాడు. గుండు వెంట్రుక వాసి తక్కువ లావున్నా వెనకనుంచి మండే వాయువు పక్కల్లోంచి దూసుకుపోయి సీసాన్ని కోసేస్తుంది, ఆ సీసం తుపాకీ గొట్టం లోపల పూతలా అంటుకుంటుంది. అందుకని పోసిన ప్రతి గుండునీ అంగుళంలో వెయ్యో వంతు దాకా కొలుస్తాడు.

నాకు కావలసింది పూర్తిగా మెత్తటిది. నేను పోసే గుండ్లలో సగం నోరు తెరిచిన రకం. తాడు మీద పెట్టి పటకారుతో నొక్కితే మూసుకోవాలి. గట్టి మిశ్రమమైతే నొక్కితే మూసుకోదు, బలం పెడితే చిట్లుతుంది. గోటితో గీస్తే గీత పడే సీసమే వాడతాను. ఈ రకంలో లాభమేమిటంటే, రాళ్ళకి తగిలి రెండు గుండ్లు ఊడిపోతే తాడంతా విప్పక్కర్లేదు, ఆ చోట రెండు కొత్తవి నొక్కితే చాలు. వంశధార మొగలో వల విసిరేవాళ్ళు ఇప్పుడు ఈ రకమే అడుగుతున్నారు.

విజయనగరంలో ఒక పాత అచ్చాఫీసు వాళ్ళు టైపునంతా తూకానికి అమ్మేస్తుంటే ఒక డబ్బా కొన్నాను. చేతితో ఏర్చి కూర్చే తెలుగు సీసపు అక్షరాలు. ఒత్తులు, గుడులు, దీర్ఘాలు వేరువేరు ముక్కలు. వాటిలో ఆంటిమొనీ, తగరం బాగా ఉంటాయి. వీడియో కాల్లో చూపించానో లేదో మావాడు ఎగిరి గంతేశాడు. "మావా, ఇక్కడ దీనికోసం చచ్చిపోతారు, అమ్మేయకు!" వాళ్ళకి అది బంగారమే, మెత్తటి సీసంలో ఇంత కలిపితే తూటాకి కావలసిన గట్టిదనం వచ్చేస్తుంది. నాకు మాత్రం గుండు అంచులు సరిగా నిండనప్పుడు ఒక చిటికెడు వెయ్యడానికే పనికొస్తోంది. తగరం కాస్త ఉంటే సీసం అచ్చు మూలమూలలకీ పారుతుంది. నిజం చెప్పాలంటే కరిగించబుద్ధి కాక సగం డబ్బా అలాగే ఉంచేశాను. 'క్ష' ఒకటి అద్దం దగ్గర పెట్టుకున్నాను.

ఇక అచ్చు. రెండు అల్యూమినియం దిమ్మలు, ఒక పక్క కీలు, చెక్క పిడులు. బెజ్జం గుండ్లకైతే మధ్యలో ఉక్కు పుల్ల పెట్టి పోసి, గట్టిపడ్డాక లాగెయ్యాలి. సముద్రపు గాలికి అల్యూమినియం ఇనుములా తుప్పు పట్టదు, అది పెద్ద సుఖం. ఉక్కు పుల్లలు మాత్రం వారంలో ఎర్రబడతాయి, నూనె గుడ్డలో చుట్టి ఉంచాలి. నూనె తుడవకుండా పోస్తే గుండు మీద గుంటలు పడతాయి. చల్లటి అచ్చులో పోస్తే గుండు ముడతలు పడుతుంది. అచ్చుని కుంపటి అంచు మీద కాసేపు పెట్టి కాగనివ్వాలి, తొలి నాలుగైదు గుండ్లు ఎలాగూ తిరిగి కుంపట్లోకే. లోపలి గుంటలకి కొవ్వొత్తి మసి పట్టిస్తే గుండు అంటుకోకుండా రాలుతుంది. రాలకపోతే సుత్తి తీసుకోవద్దు. కీలు దగ్గర చెక్క ముక్కతో తడితే చాలు.

అచ్చు విషయంలో తొందరపడొద్దన్నది అందుకు కాదు. ఆ గుండ్లు గాలం వేసేవాళ్ళ కొలతల్లో ఉన్నాయి. మన విసురు వలకి పొడుగ్గా, సన్నగా, తాడుని పట్టుకుని ఉండే గుండు కావాలి. కోడిగుడ్డు ఆకారం గుండు ఇసకలో దొర్లి తాడుని మెలిపెడుతుంది. మా ఊరి ముసలాయన ఒకాయన చేతిలో తిప్పి చూసి తేల్చేశాడు: "బాగానే ఉన్నాదిరా, కానీ ఇది చేప కోసం కాదు, అంగడి కోసం సేసినాడు." తర్వాత శ్రీకాకుళంలో ఒక లేత్ షాపులో మన కొలతకి అల్యూమినియం దిమ్మలు కోయించుకున్నాను. అమెరికా అచ్చు ఖరీదులో సగం కూడా కాలేదు. గాలి పోవడానికి దిమ్మ ముఖం మీద సన్న గీతలు గీయించడం మర్చిపోవద్దు. లేకపోతే గాలి ఇరుక్కుని గుండు కొస నిండదు. ఇప్పుడు గుండ్లన్నీ ఒకే తూకంలో వస్తున్నాయి, వల విసిరితే గుండ్రంగా విచ్చుకుంటోంది. ఒక పక్క గుండ్లు బరువైతే వల కోలగా పడుతుందని వల విసిరేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

నీళ్ళ సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. కరిగిన సీసంలో తడి పడితే క్షణంలో ఆవిరై సీసాన్ని పైకి విసురుతుంది. మన దగ్గర ఎక్కువ ప్రమాదం పాత గుండ్లతోనే. ఎన్నో ఏళ్ళు సముద్రంలో నానినవి, పైకి ఎండినట్టు కనిపించినా బెజ్జంలో, ఉప్పు పెళ్ళ కింద తడి దాగి ఉంటుంది. అలాంటిది ఒక్కటి కూడా కరిగిన సీసంలో వెయ్యకూడదు. చల్లటి మూకుట్లో ముందే వేసి, దాంతోపాటే వేడెక్కించాలి. వానాకాలం నేను అసలు పొయ్యను. నా పోత పనంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉండే 61 రోజుల్లోనే. వలలు బాగుచేయించుకోవడానికి అందరూ వచ్చేదీ అప్పుడే. కళ్ళద్దాలు, తోలు చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా, బూట్లు ఉండాల్సిందే. లుంగీతో, చెప్పులతో పోసేవాళ్ళని చూస్తే నాకు కాళ్ళు వణుకుతాయి.

సీసం విషం ఎక్కువగా ఎక్కేది పొగలోంచి అనుకుంటారు. ఈ వేడిలో సీసం ఆవిరయ్యేది తక్కువే, తెట్టు పొడి అసలు శత్రువు. ఆ పొడి చేతికి అంటి, చేతినుంచి బీడీకి, అన్నానికి వెళ్తుంది. పోసేచోట ఏదీ నోట్లో పెట్టుకోను. సబ్బుతో చేతులు కడిగి, బట్టలు మార్చుకున్నాకే ఇంట్లోకి. పిల్లలు ఆ పాక దరిదాపులకి రాకూడదు, పిల్లల ఒంట్లో సీసం ఏ కాస్తయినా హాని చేస్తుంది. పొద్దున్న గాలి నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి కుంపటిని పాక తూర్పు వారన పెట్టి, నేను పడమటి పక్కన కూర్చుంటాను. గాలి మళ్ళేసరికి పని కట్టేస్తాను. తెట్టు పొడిని మూత ఉన్న డబ్బాలో దాచి పాత సీసం కొనేవాళ్ళకే ఇస్తాను, చెత్తలో వెయ్యను. మావాడు ఏడాదికోసారి రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకుంటాడు. వాడి పోరు పడలేక నేనూ మొదలుపెట్టాను. రక్తం ఇక్కడే తీసుకుని పరీక్షకి పెద్ద ల్యాబుకి పంపుతారు.

నాలుగేళ్ళలో కుంపటికి ఒకసారి కాయిల్ మార్చాను, పిడి స్క్రూలు రెండు సార్లు బిగించాను. ఏడాదికి రెండు మూడు వలలు కట్టుకునేవాళ్ళకి ఇదంతా దండగ. మంచి పోత మూకుడు, గరిటె, లేత్ షాపు అచ్చు ఉంటే వాళ్ళకి సరిపోతుంది. నాలాగ ఊరందరికీ కట్టేవాళ్ళు 220 వోల్టులది, పెద్ద సైజుదే తీసుకోండి. 4 కిలోల చిన్న రకం కూడా ఉంది, కానీ పెద్ద విసురు వల ఒక్కదానికే అయిదారు కిలోల గుండ్లు పడతాయి, మధ్యలో సీసం అయిపోతే మళ్ళీ కరిగేదాకా అచ్చు చల్లారిపోతుంది.