పన్నెండు ఔన్సులన్నాడు, ఆచారి కాటా పదేనంది

కావలిలో సంచులు కుట్టే షాపు నాది. స్కూలు బ్యాగులు, చీరల కొట్లకి గుడ్డ సంచులు, అప్పుడప్పుడు మడత కుర్చీలకి గుడ్డ. పోయిన నెల నెల్లూరు చిన్నబజారులో ఒక హోల్‌సేల్ కొట్లో కాన్వాస్ తాను కొన్నాను. నలభై మీటర్లు, మీటరు 230. కొట్టు పేరు రాయను, మళ్లీ వెళ్లాల్సిన చోటే.

"పన్నెండు ఔన్సుల డక్ అక్కా, ఎక్స్‌పోర్ట్ సరుకు. అమెరికావాడు యాభై శాతం సుంకం వేశాడే, అప్పుడు ఆగిపోయిన మాలు" అన్నాడు కొట్టతను. 2025 ఆగస్టులో ఆ సుంకానికి మా వైపు రొయ్యల చెరువులవాళ్లు పడ్డ టెన్షన్ కళ్లారా చూశాను, అందుకే నమ్మేశాను. డక్ అంటే బాతు అనుకునేరు, దిట్టమైన కాన్వాస్ రకం. ఔన్సులంటే చదరపు గజం గుడ్డ తూగే బరువు. డచ్చి భాషలో గుడ్డని 'డూక్' అంటారట, అదీ సంగతి. పులికాట్‌లో కోట కట్టుకుని మన గుడ్డలు ఓడలకెత్తుకుపోయినవాళ్ల మాటతో ఇప్పుడు మనకే బేరం!

తాను విప్పితే అట్టలా నిలబడింది. గోటితో గీకితే తెల్లగా పొడి రాలింది. అనుమానం అక్కడే మొదలైంది.

పది సెంటీమీటర్ల చదరం ముక్క కత్తిరించి పక్కనున్న ఆచారి గారి కాటా మీద పెట్టాను. ఆ ముక్క గ్రాముల్ని వందతో గుణిస్తే చదరపు మీటరు బరువు, అదే జీఎస్ఎం. గజానికి పన్నెండు ఔన్సులంటే దాదాపు 407 జీఎస్ఎం కాబట్టి ముక్క నాలుగు గ్రాముల పైచిలుకు తూగాలి. 4.1 తూగింది. అదే ముక్కని వేడినీళ్లలో నానబెట్టి, పిండి, ఎండబెట్టి మళ్లీ తెస్తే 3.5. మిగతా 0.6 గ్రాము గంజి. మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, తెగకుండా గంజి పెట్టడం మామూలే, అది తప్పు కాదు. కానీ ఇంత గంజిని గుడ్డ రేటుకి అమ్మితే ఎట్టా? గంజి పోతే మిగిలింది పది ఔన్సులకి కాస్త పైన, అంతే.

అంచున దారాలు లాగి చూశాను. పడుగు రెండు పోగులు పేనినదే, పేక, అంటే అడ్డం పోగులు, మాత్రం ఒంటి పోగు. రెండూ డబులే అని చెప్పాడు మరి కొట్టతను.

మా బావ కృష్ణపట్నం పోర్టు పనులు చూసే ఒక క్లియరింగ్ ఆఫీసులో గుమాస్తాగా చేశాడు. ఆయన్నడిగితే, గుడ్డ దేశం దాటాలంటే ఈ బరువే ముఖ్యమన్నాడు. నూలు 85 శాతానికి తగ్గకుండా ఉండి, చదరపు మీటరు 200 గ్రాములు దాటితే కస్టమ్స్ కాగితాల్లో 5209 అనే సరుకు కోడ్ కింద రాస్తారు. 200 లోపైతే 5208. నూలు 85 కంటే తగ్గి పాలిస్టర్ లాంటివి కలిస్తే, బరువు గుడ్డకి 5211. జీన్స్ గుడ్డ కూడా ఎక్కువగా ఈ 5209 లోకే వస్తుంది. "నీ తాను మీద బరువు, కూర్పు రాసిన చీటీ ఏదైనా ఉందా?" అన్నాడు. ఏ చీటీ లేదు.

అయినా గుడ్డని తిట్టలేను. అంచు కాలిస్తే కాగితం వాసన, బూడిద పొడిపొడిగా రాలింది, ఉండ కట్టలేదు. పాలిస్టర్ కలవని నూలే. పద్దెనిమిదో నంబరు సూదితో నాలుగు మడతలు సాఫీగా పోయాయి. ఉతక్కుండా మాత్రం కత్తెర పెట్టకండి, నా మీటరు ముక్క 93 సెంటీమీటర్లకి వచ్చింది. బజారు సంచులకి, స్కూలు బ్యాగులకి బ్రహ్మాండం. కుర్చీకైతే నేను వేయను, ఒంటి పేక మనిషి బరువుకి సాగుతుంది.

కొట్టుకి ఫోన్ చేసి లెక్క చెప్పాను. "మీ కాటా తప్పేమో అక్కా" అన్నాడు. బంగారం తూచే కాటా అన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత, "ఈసారి వచ్చినప్పుడు మీటరుకి పాతిక తగ్గిస్తాలే, ఆ గంజి సంగతి ఎవరికీ చెప్పబాక" అన్నాడు.