గాయత్రి ఎస్టేట్స్ దగ్గరి ల్యాబ్: రక్తం బాగా తీస్తారు, కౌంటర్ మాట మాత్రం నమ్మొద్దు

మా నాయనకు సిరోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు) అని తేలి మూడేళ్లయింది. అప్పటి నుంచి ఆరు నెలలకోసారి కడుపు స్కానింగూ, ఏఎఫ్‌పీ అనే రక్త పరీక్షా చేయిస్తున్నాం, ఎందుకంటే సిరోసిస్ ఉన్నవాళ్లకు లివర్ క్యాన్సర్ వచ్చినా మొదట్లో నొప్పీ గిప్పీ ఏమీ ఉండదు, ఇట్లా వెతుక్కుంటూ పోతేనే దొరుకుతుంది. ఈసారి కర్నూలు గాయత్రి ఎస్టేట్స్ దగ్గర కొత్తగా పెట్టిన ఒక ల్యాబ్‌కు పోయినాం. పేరు రాయను.

నాయన చేతుల్లో నరం దొరకదు, వేరే చోట్ల రెండు మూడుసార్లు పొడిచేవాళ్లు. ఇక్కడి అబ్బాయి ఒక్కసారికే తీశాడు. దీనికి పరగడుపున రానక్కర్లేదని ఫోన్లోనే చెప్పారు, షుగర్ మనిషికి అదే పెద్ద ఊరట. ఏఎఫ్‌పీ రిపోర్ట్ సాయంత్రానికే వాట్సాప్‌లో వచ్చింది.

ఇక కౌంటర్ సంగతి. "పివ్కా-2 కూడా కలిపి ప్యాకేజీ ఉంది సార్, రెండూ నార్మల్ వస్తే స్కానింగ్ డబ్బులు మిగుల్తాయి" అంది ఆ అమ్మాయి. పివ్కా-2 అంటే అదీ లివర్ క్యాన్సర్ కోసం చేసే రక్త పరీక్షే. స్కానింగ్ అక్కర్లేదన్నట్టు చెప్పిన ఈ ఒక్క మాటకే రెండు స్టార్లు కోశా. అప్పుడే మొదలైన క్యాన్సర్లలో చాలావాటికి ఏఎఫ్‌పీ పెరగనే పెరగదు, మరోపక్క క్యాన్సర్ లేకున్నా హెపటైటిస్ ముదిరితే పెరుగుతుంది. పివ్కా కలిపితే ఏఎఫ్‌పీకి చిక్కనివి కొన్ని దొరుకుతాయి, నిజమే, కానీ రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మాత్ర వేసుకునేవాళ్లకూ, ఒంట్లో విటమిన్ కె తగ్గినవాళ్లకూ అది ఊరికే ఎక్కువ చూపిస్తుంది. ఏం మందులు వాడుతున్నారని మమ్మల్ని ఒక్కరూ అడగలేదు.

పోయినసారి పాత ల్యాబ్‌లో ఏఎఫ్‌పీ 4, ఇక్కడ 9. డాక్టర్లు సాధారణంగా 20 దాటితే గట్టిగా పట్టించుకుంటారు, అయినా రెండింతలైందని మా అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఏ పద్ధతిలో చేశారో రిపోర్టులో లేదు. డాక్టర్ గారు చూసి, మిషన్ మారితే అంకె కూడా మారొచ్చు, ఒక్కచోటే చేయించండి, పెరుగుతూ పోతోందా అన్నదే మాకు కావాలి అని స్కానింగ్ రాసిచ్చారు. గడ్డలేమీ లేవు. మూడు నెలలకు ఏఎఫ్‌పీ మళ్లీ, పాత ల్యాబ్‌లోనే.

5కి 3. నరం దొరికించుకునే ఆ అబ్బాయి పాత ల్యాబ్‌లో చేరితే బాగుండు.