శాంటా క్లారా కౌంటీ కొండలు: టికెట్టు లేని చోట ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

కాలిఫోర్నియాలోని సన్నీవేల్, క్యూపర్టినో నుంచి కనిపించే కొండల్లో ఎక్కడికి బయల్దేరినా, ముందు ఆ నేల ఎవరి చేతిలో ఉందో చూసుకోండి. తాగునీళ్ళు ఉంటాయా, పొయ్యి వెలిగించనిస్తారా, కుక్కను రానిస్తారా, పార్కింగుకు డబ్బు కట్టాలా అన్నవన్నీ దాన్నిబట్టే ఉంటాయి. పక్కపక్కనే ఉన్న రెండు గేట్లకు రెండు రకాల రూల్సు ఉండటం ఇక్కడ మామూలే.

దీనికి కారణం ఓట్లు. 1962లో పాలో ఆల్టో వాసులు కొందరు కమిటీ ఫర్ గ్రీన్ ఫుట్‌హిల్స్ అనే సంఘం పెట్టి, కొండల మీదికి కట్టడాలు పాకకుండా పోరాడారు. 1972లో కౌంటీ వాయవ్య భాగపు ఓటర్లు మెజర్ ఆర్ అనే బ్యాలట్ ప్రతిపాదనను గెలిపించి, కట్టడాలు లేని నేలను కొని కాపాడే ప్రభుత్వ సంస్థను తెచ్చుకున్నారు. ఆస్తి పన్ను వాటాతో నడిచే దాని పేరు మిడ్‌పెనిన్సులా రీజినల్ ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్. అందరూ మిడ్‌పెన్ అనే పిలుస్తారు. అదే ఏడాది కౌంటీ ఓటర్లు పార్కుల కోసమూ పన్నులో వాటా విడిగా తీయించారు. దక్షిణాన ఇలాంటి పనే చేసే ఓపెన్ స్పేస్ అథారిటీ 1993లో వచ్చింది. ఆ ప్రాంతంలో ఇల్లున్నవాళ్ళు దీనికి ఏటా 24 డాలర్ల పార్సిల్ ట్యాక్స్ (ఒక్కో స్థలానికి ఇంత అని వేసే పన్ను) కడుతున్నారు. సొంత ఇల్లున్న మనవాళ్ళలో చాలామంది ఈ డబ్బు కడుతూనే ఒక్కసారీ ఆ గేటు దాటి ఉండరు.

మిడ్‌పెన్ స్థలాల్లో ఎక్కడా టికెట్టు లేదు. నేలను ఉన్నదున్నట్టు కాపాడటమే వాళ్ళ మొదటి పని కాబట్టి కుళాయి, పిక్నిక్ బల్లలు, బార్బెక్యూ పొయ్యిలు చాలాచోట్ల ఉండవు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు, పులిహోర డబ్బా, చెత్తకో కవరు ఇంటి నుంచే తెచ్చుకోండి. పొద్దు గూకాక అరగంటకు మూసేస్తారు.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, చంటిపిల్లలతో అయితే మొదటి ఓటు ర్యాంచో శాన్ ఆంటోనియోకే. ముందు భాగం కౌంటీ పార్కు, లోపలిది మిడ్‌పెన్. అందుకే టాయిలెట్లు, నీళ్ళు ఉన్న ముందు భాగంలోనే ఆ పనులన్నీ చూసుకుని కదలాలి. అక్కడి నుంచి మైలు దూరం దాదాపు చదునైన దారిలో డీర్ హాలో ఫార్మ్ వస్తుంది. మేకలు, కోళ్ళు, ఆవులు. సోమవారం సెలవు. అసలు తంటా పార్కింగే. శని, ఆదివారాల్లో పొద్దెక్కి వెళ్తే ఖాళీ కోసం చుట్టూ తిరగడమే సరిపోతుంది. తెల్లారే వెళ్ళండి, లేదా పనిరోజు సాయంత్రం.

నడవగలిగినవాళ్ళకు పేజ్ మిల్ రోడ్డు మీది మిడ్‌పెన్ స్థలం మోంటే బెల్లో మేలు. రోడ్డుకు ఆవలి పక్క లాస్ ట్రాంకోస్‌లో భూకంపాలు పుట్టించే శాన్ ఆండ్రియాస్ పగులు వెంట చిన్న ట్రెయిల్ ఉంది. పగులు ఎక్కడుందో గుంజలు పాతి గుర్తుపెట్టారు. 1906 భూకంపానికి కంచె ఎంత పక్కకు జరిగిందో చూపడానికి అలాగే మళ్ళీ కట్టి ఉంచారు. పిల్లలకు పాఠం చెప్పే పని తప్పుతుంది. మిడ్‌పెన్‌లో రాత్రి ఉండనిచ్చేది మోంటే బెల్లోలోని బ్లాక్ మౌంటెన్ క్యాంపు ఒక్కటే. పర్మిట్ ముందే తీసుకోవాలి, సామాను మోసుకుంటూ ఎక్కాలి, చలిమంట వేయకూడదు.

మౌంట్ ఉమునుమ్ ఎత్తు 3,486 అడుగులు. ప్రచ్ఛన్న యుద్ధ కాలపు రాడార్ స్థావరం 1980లో మూతపడ్డాక ఆస్బెస్టాస్, సీసం రంగులతో నిండిన పాత ఇళ్ళు మిగిలాయి. మిడ్‌పెన్ 1986లో కొన్నా, శుభ్రం చేసి జనానికి తెరిచేసరికి 2017 వచ్చింది. కారు శిఖరం దాకా వెళ్తుంది కాబట్టి మోకాళ్ళ నొప్పులవాళ్ళూ చూడొచ్చు. రోడ్డు మాత్రం ఇరుకు, మలుపులెక్కువ. కడుపులో తిప్పేవాళ్ళను ముందు సీట్లో కూర్చోబెట్టండి. కింద ఎండ కాస్తున్నా పైన గాలి కొరికేస్తుంది, స్వెటర్ మరవొద్దు.

సౌకర్యంగా రాత్రి గడపాలంటే కౌంటీ పార్కులే దిక్కు. గిల్‌రాయ్ దగ్గరి మౌంట్ మడోన్నాలో రెడ్‌వుడ్ చెట్ల కింద టెంట్ల చోట్లు, గుండ్రటి గుడిసెల్లాంటి యర్ట్‌లు అద్దెకిస్తారు. దుప్పట్లు, దిండ్లు మనవే. వేసవిలోనూ సాయంత్రానికి మంచు కమ్మి వణికిస్తుంది. తిండి బయట వదిలితే రకూన్లు వదలవు.

దక్షిణాన ఓపెన్ స్పేస్ అథారిటీ వాళ్ళ కయోటీ వ్యాలీ ప్రిజర్వ్ 2015లో తెరిచారు. యారోహెడ్ లూప్ నాలుగు మైళ్ళు, నీడ తక్కువ, జూన్ తర్వాత మధ్యాహ్నం వద్దేవద్దు. పైనుంచి కనిపించే లోయ రెండు పర్వత శ్రేణుల మధ్య జంతువులు దాటే దారి. ఒకప్పుడు సిస్కో అక్కడ క్యాంపస్ కడదామనుకుంది. 2019లో శాన్ హోసే నగరం, పెనిన్సులా ఓపెన్ స్పేస్ ట్రస్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ, అథారిటీ కలిసి 937 ఎకరాలను 93 మిలియన్ డాలర్లకు కొన్నాయి. ఎదుటి కయోటీ రిడ్జ్‌లో ఆవులు మేస్తుంటే ఇదేం రక్షణ అనుకోకండి. కార్ల పొగలోని నత్రజని ఇక్కడి సారం తక్కువైన సర్పెంటైన్ రాతి నేలకు ఎరువై, బయటి దేశాల గడ్డిని ఏపుగా పెంచుతుంది. ఆ గడ్డి బే చెకర్‌స్పాట్ సీతాకోకచిలుక గొంగళ్ళు తినే చిన్న మొక్కను మూసేస్తుంది. ఆవులు మేస్తేనే దానికి వెలుతురు.

చూడటంతో సరిపెట్టుకోకుండా చేయి వేయాలంటే మిడ్‌పెన్ కలుపు తీసే రోజులున్నాయి. మనకు సర్కారు తుమ్మ ఎలాగో, ఇక్కడ పసుపు పూల ఫ్రెంచ్ బ్రూమ్ అలాగ. నరికితే మళ్ళీ చిగురిస్తుంది, గింజలు నేలలో ఏళ్ళ తరబడి బతికుంటాయి. అందుకే వానలకు నేల మెత్తబడ్డాక, కాండం మొదట్లో వీడ్ రెంచ్ దవడలు బిగించి, పిడిని వెనక్కి వంచి వేరుతో సహా లాగుతారు. నిండు చేతుల చొక్కా, ప్యాంటు, తోలు గ్లవ్స్ తప్పనిసరి. దద్దుర్లు తెప్పించే పాయిజన్ ఓక్ పొదకు మూడేసి ఆకులుంటాయి. చలికాలంలో ఆకు రాలిన పుల్ల తగిలినా దద్దుర్లొస్తాయి.

లాస్ గాటోస్ పైన లెక్సింగ్టన్ రిజర్వాయర్ పక్కనున్న ఆల్మా బ్రిడ్జ్ రోడ్డు మీద ఇంకో పని జరుగుతోంది. వానలు పడగానే నారింజ పొట్ట న్యూట్‌లు (బల్లిలా కనిపించే ఉభయచరాలు) గుడ్లు పెట్టడానికి కొండ దిగి నీళ్ళలోకి పోతాయి. ఒక్కో సీజన్లో వేలకొద్దీ చక్రాల కింద పడుతున్నాయని వలంటీర్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి తేల్చారు. రోడ్డు కింద దారులు కట్టాలన్న ఆలోచనకు ఆ లెక్కే ఊతం. నవంబరు నుంచి మార్చి దాకా వాన రాత్రుల్లో అటు కారు తిప్పకండి. న్యూట్ కనిపిస్తే పిల్లల్ని ముట్టుకోనివ్వొద్దు, దాని చర్మంలో విషం ఉంటుంది.