పండుకు మాత్ర వేసే వేళ

2024 మే 10, శుక్రవారం పొద్దున. ఫ్రాన్స్‌లో, సముద్రపు ఒడ్డున కొండ మీద మఠం ఉన్న మాంట్ సెయింట్ మిషెల్‌కు దగ్గర్లోని ఒక అద్దె గదిలో కూర్చుని వరసగా నాలుగో పశువుల ఆసుపత్రికి ఫోన్ చేస్తున్నాను. మొదటి మూడు చోట్లా రికార్డు చేసిన గొంతే పలికింది. నాకొచ్చిన ఫ్రెంచ్‌లో అర్థమైంది ఒకటే మాట, "మూసి ఉంది". కింద మా కుక్క పండు నాలుగు కాళ్లూ చాపి నిద్రపోతోంది. దానికి ఒక మాత్ర పడాలి. అది డాక్టర్ చేత్తోనే పడాలి, ఆదివారం మధ్యాహ్నానికి కనీసం ఇరవై నాలుగు గంటల ముందు పడాలి. లేదంటే ఇంగ్లండ్‌లోని మా ఇంటికి మేం వెళ్లొచ్చు, పండు రాకూడదు.

ఎలా ఇరుక్కున్నామో చెప్తాను. కుక్కతో ఫ్రాన్స్ వెళ్లాలనుకునే వాళ్లకు హోటళ్ల వివరాల కంటే ఇదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

పండు ఆరేళ్ల లాబ్రడార్, 31 కిలోలు. ఏడాదికోసారి దాన్ని డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే కెన్నెల్‌లో వదిలి ఇండియా వెళ్లొస్తాం. అలా వెళ్లిన ప్రతిసారీ తిరిగొచ్చాక అది వారం రోజులు మాతో అలుగుతుంది. ఈసారి సెలవు దానితోనే గడపాలని మా ఆవిడ పట్టుబట్టింది. మే 4 శనివారం బయల్దేరి 12వ తేదీ ఆదివారం తిరిగి రావాలి. మొదట సముద్రపు ఒడ్డున వీసాంట్, తర్వాత ఒన్‌ఫ్లర్, చివర మాంట్ సెయింట్ మిషెల్.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌తో పూర్తిగా తెగతెంపులు చేసుకున్నాక, అంటే 2021 జనవరి 1 నుంచి, ఇక్కడ ఇచ్చిన పాత పెట్ పాస్‌పోర్టులు యూరప్‌లో చెల్లవు. వాటి బదులు ప్రతి ప్రయాణానికీ కొత్తగా యానిమల్ హెల్త్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ముందు కుక్క చర్మం కింద గుర్తింపు అంకె ఉండే మైక్రోచిప్, ఆ తర్వాతే రేబీస్ టీకా. టీకా నాటికి కుక్కకు కనీసం పన్నెండు వారాలు నిండాలి, మొదటి టీకా తర్వాత 21 రోజులు ఆగాలి. బూస్టర్ గడువు ఒక్కరోజు దాటినా మళ్లీ మొదటి టీకా కిందే లెక్క, మళ్లీ 21 రోజులు. మా వీధిలో ఒకాయన సెలవు ఇలాగే పోయింది. సర్టిఫికెట్ మాత్రం ఫ్రాన్స్‌లో అడుగుపెట్టే ముందు పది రోజుల లోపే రాయించుకోవాలి. మేం వెళ్లినప్పుడు అది ఇచ్చిన దగ్గర్నుంచి నాలుగు నెలలు చెల్లేది.

దీనికి ప్రభుత్వం పెట్టిన ధరంటూ లేదు, ఒక్కో క్లినిక్ ఒక్కోలా తీసుకుంటుంది. మా వెట్, అంటే పశువుల డాక్టర్, చెప్పిన ధర వినగానే మరో రెండు చోట్ల అడిగాం. కాస్త దూరమైనా 165 పౌండ్లకు ఒకచోట కుదిరింది. అన్ని క్లినిక్కులూ రాయవు, ఈ పనికి అధికారం ఉన్న అఫీషియల్ వెట్ ఉండాలి. ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండింట్లో ఉండే ఆ కట్టలో ప్రతి పేజీ మీదా ముద్ర, సంతకం. నా పేరు మీద రాస్తే కుక్కతో ప్రయాణించాల్సింది నేనే, మరొకరు తీసుకెళ్తే రాతపూర్వక అనుమతి ఉండాలి. మా ఇంట్లో కారు నడిపేది ఎక్కువగా మా ఆవిడే. అయినా ఆ కాగితంలో యజమానిని నేనని ఇప్పటికీ నాకో చిన్న గర్వం.

సర్దుకునేటప్పుడు ఇంకో సంగతి తెలిసింది. బ్రిటన్ నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాలు ఉన్న పదార్థాలు తీసుకెళ్లకూడదు, కుక్క తిండితో సహా. పండు రోజూ తినే బస్తా ఇంట్లోనే ఉండిపోయింది. దానితోపాటు మా నెయ్యి సీసా కూడా. అక్కడ కొన్న కొత్త తిండికి పండు కడుపు రెండు రోజులు సహకరించలేదు. పెరుగన్నంతో సర్దుకొచ్చాం. వెళ్లాక అక్కడ ఏ రకం దొరుకుతుందో ముందే చూసుకుని, వారం ముందు నుంచే ఇంట్లో దాన్ని కొద్దికొద్దిగా అలవాటు చేసి ఉండాల్సింది.

ఎలా దాటాలన్నది ఎక్కువ ఆలోచించలేదు. లండన్, పారిస్ మధ్య తిరిగే యూరోస్టార్‌లో సహాయక కుక్కల్ని తప్ప ఎక్కించుకోరు. ఓడలో ఇంగ్లండ్ వైపు డోవర్ నుంచి ఫ్రాన్స్ వైపు కలే దాదాపు గంటన్నర. పెట్ లాంజ్ లేని ఓడలో కుక్క కింద కారులో ఒంటరిగా ఉండాలి. ఆ చీకటి డెక్కులో పండు ఎలా అరుస్తుందో ఊహించుకోగలను. సముద్రం అడుగున వెళ్లే టన్నెల్ రైలులో ఆ బాధ లేదు. ఫోక్‌స్టన్‌లో కారుతో సహా రైలెక్కి, కారులోనే కూర్చుని 35 నిమిషాల్లో కలేలో దిగుతాం. పండుకు ఒక్కో వైపు ఇరవై పౌండ్ల పైచిలుకు. టికెట్ ఓడ కంటే ఎక్కువే అయింది గానీ, ఈ ప్రయాణంలో పెట్టిన ప్రతి పౌండూ దక్కింది ఇక్కడే. రైలు ఎక్కే ముందు కుక్కలు తిరగడానికి కంచె వేసిన పచ్చిక ఉంది. రైలు కదిలినప్పుడు పండు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ పడుకుంది. పైన సముద్రం ఉందని దానికి తెలియదు, నాకు మాత్రం మనసులో అదే.

వెళ్లేటప్పుడు మా కాగితాలు చూడటానికి నిమిషం కూడా పట్టలేదు. అక్కడే మోసపోయాను. సరిహద్దంటే ఇంతేనా అనిపించింది.

వీసాంట్‌లో రెండు రాత్రులు ఒక గీత్‌లో ఉన్నాం. గీత్ అంటే వంటగదితో సహా అద్దెకిచ్చే ఇల్లు. కుక్కకు అదనంగా ఏమీ తీసుకోలేదు, పెరటికి ఎత్తైన ప్రహరీ. యజమానురాలు గిన్నెతో నీళ్లు ముందే పెట్టి ఉంచింది. ఊరి ముందు పెద్ద ఇసుక తీరం, దానికి రెండు చివర్లా రెండు కొండకొమ్ములు, కాప్ బ్లాన్ నే, కాప్ గ్రి నే. గాలి తెరిపిచ్చిన సాయంత్రం బ్లాన్ నే మీద నిలబడితే అవతల ఇంగ్లండ్ తెల్లటి కొండలు కనిపించాయి. మొత్తం సెలవులో పండు ఎక్కువ ఆనందపడింది ఇక్కడే. మళ్లీ వెళ్తే తొమ్మిది రోజులూ ఇక్కడే ఉండిపోతానేమో. ఒక్క జాగ్రత్త. ఫ్రాన్స్‌లో చాలా బీచ్‌లు వేసవి నెలల్లో కుక్కల్ని రానివ్వవు, దిగే ముందు బోర్డు చూడాలి.

ఒన్‌ఫ్లర్ అందమైన ఊరే. పాత రేవు చుట్టూ ఇరుకైన పొడుగాటి ఇళ్లు, వాటి నీడలు నీళ్లలో. హోటల్ దగ్గరే చేదు అనుభవం. బుక్ చేసేటప్పుడు "పెంపుడు జంతువులకు ప్రవేశం ఉంది" అని ఉంది. తీరా వెళ్తే రిసెప్షన్‌లో అమ్మాయి పండును కింద నుంచి పైదాకా చూసి, పది కిలోల లోపు వాటికే అంది. అరగంట బతిమాలాక రాత్రికి 15 యూరోల అదనంతో, గదిలో ఒంటరిగా వదిలిపెట్టబోమన్న మాట మీద ఒప్పుకున్నారు. దాంతో మూడు రోజులూ భోజనానికి ముగ్గురం కలిసే వెళ్లాల్సి వచ్చింది. అది కష్టమేమీ కాలేదులెండి. మేం వెళ్లిన ప్రతి చోటా కుర్చీ చూపించే ముందు కుక్కకు నీళ్లు తెచ్చారు. ఇప్పుడు ఎక్కడ బుక్ చేసినా కుక్క బరువు రాసి, సరేనన్న జవాబు మెయిల్‌లో వచ్చాకే డబ్బు కడుతున్నాను.

అక్కణ్నుంచి నార్మండీ వంతెన దాటి ఒకరోజు సముద్రపు కొండలకు పేరున్న ఎత్రతా వెళ్లొచ్చాం. 1995లో తెరిచిన ఆ తీగల వంతెనకు రెండు పెద్ద స్తంభాల మధ్య దూరమే 856 మీటర్లు. ఎత్రతా కొండ అంచుల్లో చాలాచోట్ల కంచె లేదు, తాడు వదలొద్దు. అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, ఫొటోల్లో చూసిందే.

ఇక ఆ మాత్ర సంగతి. బ్రిటన్‌లోకి తిరిగొచ్చే కుక్కకు బద్దెపురుగుల మందు పడాలి. నక్కల్లో ఉండే ఎకైనోకాకస్ మల్టిలోక్యులారిస్ అనే పురుగు యూరప్‌లో చాలాచోట్ల ఉంది, బ్రిటన్‌లో లేదు. కుక్క ద్వారా మనుషులకు సోకితే కాలేయాన్ని ఏళ్ల తరబడి తినేస్తుంది. అందుకే ప్రాజిక్వాంటెల్ ఉన్న మందును డాక్టర్ స్వయంగా వేసి, తేదీ, సమయం రాసి, ముద్ర వేయాలి. బ్రిటన్ చేరే సమయానికి అది 24 గంటలకు తక్కువ, 120 గంటలకు ఎక్కువ కాకూడదు. మందు పనిచేసి పురుగులు బయటికి పోవడానికి ఆ కింది గడువు. ఆ మందు ప్రభావం ఒంట్లో నిలవదు కాబట్టి మళ్లీ అంటించుకునే లోపు దాటాలని పై గడువు. ఐర్లండ్, ఫిన్లండ్, మాల్టా, నార్వేల నుంచి నేరుగా వస్తే ఇది అక్కర్లేదు. ఐదు రోజుల లోపు వెళ్లొచ్చేవాళ్లు బయల్దేరే ముందు ఇంటి దగ్గరే వేయించుకోవచ్చు. మాది తొమ్మిది రోజులు.

ఇదంతా నాకు తెలుసు. శుక్రవారం ఎక్కడో ఒకచోట వేయించొచ్చులే అనుకున్నాను. తెలియనిది ఫ్రెంచివాళ్ల క్యాలెండర్. మే 8 యూరప్‌లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజు, సెలవు. ఆ ఏడాది మే 9 గురువారం క్రీస్తు ఆరోహణ పండగ, సెలవు. మధ్యలో మిగిలిన శుక్రవారాన్ని కలిపేసుకోవడాన్ని వాళ్లు "వంతెన వేయడం" అంటారు. దేశం దేశమే ఆ వంతెన మీద ఉంటే నేను ఫోన్లు చేస్తున్నాను. మంగళవారం సాయంత్రం ఒన్‌ఫ్లర్‌లోనే వేయించి ఉంటే ఆదివారం సాయంత్రం దాకా సరిపోయేది. ఆ ఆలోచన నాకు శుక్రవారం వచ్చింది.

ఐదో ఫోన్‌కు అవ్రాంష్‌లో ఒక క్లినిక్ పలికింది. శనివారం పదిన్నరకు రమ్మన్నారు. ఆదివారం మా రైలు ఒంటిగంట ఇరవైకి. లెక్క సరిపోయింది, చాలా తక్కువ తేడాతో.

ఆ టెన్షన్‌లో మాంట్ సెయింట్ మిషెల్‌ను సరిగా చూశానని చెప్పలేను. కార్లు ఆపే చోటు నుంచి కొండకు వెళ్లే ఉచిత బస్సుల్లో పెద్ద కుక్కల్ని ఎక్కించరు. పార్కింగ్ దగ్గర కుక్కల్ని ఉంచే కెన్నెల్ ఉంది, మేం వద్దనుకుని రెండున్నర కిలోమీటర్లు నడిచాం. పొద్దున్నే కొండకు వెళ్లే వంతెన మీద నడక బాగుంది, నీళ్లు వెనక్కి పోయిన ఇసుక మీద కొండ ఓడలా తేలుతున్నట్టుంది. పైన మఠంలోకి కుక్కకు ప్రవేశం లేదు, ఒకరు లోపలికెళ్తే ఒకరు బయట కాపలా. పదింటికల్లా ఆ సన్నటి వీధిలో జనం కాళ్ల మధ్య పండు బెదిరిపోయింది. కుక్కతో అయితే కొండను దూరం నుంచి చూసి తిరిగి రావడం మేలు.

శనివారం అవ్రాంష్ డాక్టర్ పండును బరువు తూచి, మాత్ర గొంతులో వేసి మూతి పట్టుకున్నారు. ఐదు నిమిషాల పని, 42 యూరోలు. కారెక్కి బెల్టు పెట్టుకుంటుండగా మా ఆవిడ సర్టిఫికెట్ తిరగేసి, "చూశారా, టైమ్ రాయలేదు" అంది. తేదీ ఉంది, సంతకం ఉంది, ముద్ర ఉంది, గంట లేదు. పరుగున లోపలికెళ్లాం. 10:50 అని రాసి, పక్కన మళ్లీ ముద్ర వేసి ఇచ్చారు. మధ్యాహ్నానికి ఆ క్లినిక్ మూసేస్తారని గోడ మీద బోర్డు. కలే వెళ్లాక చూసుకుని ఉంటే?

ఆ రాత్రి కలే దగ్గర మోటార్‌వే పక్కన ఒక చవక చెయిన్ హోటల్. గది అగ్గిపెట్టెంత, కుక్కను ఎవరూ ఏమీ అనలేదు, కిటికీ కింద గడ్డి. అంతకంటే ఏం కావాలి.

ఆదివారం కలేలో పెట్ రిసెప్షన్ సెంటర్. వెళ్లేటప్పుడు లేని పరీక్షంతా ఇక్కడే. స్కానర్ మన చేతికిచ్చి చిప్ చదివించమంటారు. మెడ వెనక తిప్పాను, మోగలేదు. మళ్లీ తిప్పాను, మోగలేదు. మాత్ర లెక్కలో మునిగి ఈ చిప్ సంగతే మర్చిపోయాను. కౌంటర్ వెనకున్నామె నింపాదిగా, భుజం కిందికి జారుతుంటాయి, అక్కడ చూడమంది. ఎడమ భుజం దగ్గర మోగింది. ఆమె అంకెలు పోల్చి, వేలు పెట్టి ఆ 10:50ని చూసి, గడియారం చూసి, కారు అద్దానికి పెట్టుకునే పంజా గుర్తు కాగితం ఇచ్చింది. ఇంటి నుంచి బయల్దేరే ముందే చిప్ ఎక్కడుందో వెట్ దగ్గర ఓసారి చూపించుకోవడం మంచిది.

పండు కోసం అదనంగా అయింది అంతా కలిపి దాదాపు 285 పౌండ్లు. అదే తొమ్మిది రోజులు కెన్నెల్‌లో ఉంచితే ఇంతకంటే ఎక్కువే అయ్యేది. ఇండియా నుంచి కుక్కను తెచ్చుకుంటామని అడిగేవాళ్లకు మాత్రం మా లెక్కలు పనికిరావు. అక్కణ్నుంచి వచ్చే కుక్కకు టీకా వేసిన 30 రోజుల తర్వాత రక్తపరీక్ష చేయించి, నమూనా తీసిన నాటి నుంచి మూడు నెలలు ఆగాలి. విమానంలో బ్రిటన్‌కు కార్గోగానే తేవాలి, మనతోపాటు క్యాబిన్‌లో కుదరదు.

వచ్చే సెలవులకు ఇంగ్లండ్‌లోని హారిచ్ నుంచి నెదర్లాండ్స్‌లోని హుక్ ఆఫ్ హాలండ్‌కు ఓడలో వెళ్దామంటోంది మా ఆవిడ, అందులో కుక్కకు చోటున్న క్యాబిన్లు ఉంటాయట. సర్టిఫికెట్ ఈసారి డచ్‌లో రాయించాలి. నేనింకా టికెట్లు చూడలేదు. నెదర్లాండ్స్ సెలవుల పట్టిక ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించాను.