వారం వయసు కోడిపిల్లలని చెప్పి జబ్బు పిల్లల్ని పంపే ఆన్‌లైన్ అమ్మకందారు: శ్రీకాకుళం నుంచి ఒక రివ్యూ

"ఒరిజినల్ అసీల్, వారం పిల్లలు, అన్ని వ్యాక్సిన్లూ వేసినవి, ఎక్కడికైనా పంపుతాం" అంటూ ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో కోడిపిల్లల్ని అమ్మే ఒక అమ్మకందారు గురించి ఈ రివ్యూ. అసీల్ అంటే పందెం కోళ్ళ జాతి. పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్ళు పేజీ పేరు, ఫోన్ నంబరు తరచూ మార్చేస్తారు, అమ్మే పద్ధతి మాత్రం మార్చరు. ఆ పద్ధతి తెలిస్తే రేపు ఏ పేరుతో వచ్చినా మన జిల్లాల వాళ్ళు గుర్తుపట్టగలరు. వీళ్ళ దగ్గర కొనొద్దన్నదే మా మాట. ఇప్పటికే కొనేసినవాళ్ళు ఏం చెయ్యాలో కూడా కింద ఉంది.

ముందు అమ్మే తీరు చూడండి. వీడియోలో కనిపించేవి నిగనిగలాడే డేగ పుంజులు, నెమలి పుంజులు. పిల్లల్ని దగ్గర నుంచి చూపించరు. డబ్బు మొత్తం ముందే, అదీ ఒక వ్యక్తి సొంత యూపీఐ నంబరుకు పంపాలి. బిల్లు ఉండదు. ఏ హేచరీవో (గుడ్లు పొదిగించే కేంద్రం), గుడ్డు నుంచి ఏ తేదీన బయటికొచ్చాయో అడిగితే జవాబు దాటవేస్తారు. వంద పిల్లల అట్టపెట్టెను రాత్రి ప్రైవేటు బస్సు డిక్కీలో పడేస్తే తెల్లారి శ్రీకాకుళం కాంప్లెక్స్ దగ్గరో నరసన్నపేటలోనో మనం దించుకోవాలి. డిక్కీలో గాలి ఆడదు, ఇంజను వేడి తగులుతుంది. పెట్టెకైతే నాలుగు గదులుండి, గదికి పాతిక చొప్పున పిల్లలుండాలి. వీళ్ళ పెట్టెలో అడ్డం లేదు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా పిల్లలన్నీ ఒక మూలకు జారి, కిందివి ఊపిరాడక పోతాయి. మాకు వచ్చిన వంద పిల్లల పెట్టెలో పదకొండు అలాగే మూలన అణిగి చచ్చిపోయి వచ్చాయి.

ఒకరోజు పిల్లలు హేచరీ వదిలాక వేసవిలో 48 గంటల్లో, చలికాలంలో 72 గంటల్లో గమ్యం చేరాలని 1978 నాటి జంతు రవాణా నియమాలు చెబుతాయి. పొట్టలో మిగిలిన పచ్చసొన మీదే పిల్ల రెండు మూడు రోజులు మేత, నీళ్ళు లేకుండా తట్టుకుంటుంది కాబట్టి ఆ గడువు. వారం పిల్లకు ఆ నిల్వ అప్పటికే అయిపోతుంది. అంటే ప్రకటనలో రాసినట్టు నిజంగా వారం పిల్లల్నే పంపితే, రాత్రంతా నీళ్ళు లేకుండా ప్రయాణం చేయించడమే పెద్ద తప్పు.

వచ్చినవి వారం పిల్లలు కావు. వారం పిల్లకు రెక్క ఈకలు బాగా విచ్చుకుని ఉంటాయి, బొడ్డు పూర్తిగా మానిపోయి ఉంటుంది. వీటిలో సగానికి పైగా బొడ్డు దగ్గర నల్లటి పక్కు ఇంకా ఊడలేదు, అంటే రెండు రోజుల పిల్లలు. కొన్ని ఇంకో రకం: రెక్కలు పొడుగ్గా పెరిగి ఒళ్ళు మాత్రం గుప్పెట్లో బరువే తెలియనట్టుంది. అవి వయసు ముదిరినా ఎదగని పిల్లలు, వేరే గుంపులో మిగిలిపోయినవి. రెండు మూడు వయసుల పిల్లల్ని ఒకే పెట్టెలో కలిపారంటే రెండు మూడు చోట్ల జబ్బుల్ని కలిపి పంపినట్టే.

జాతి మాటకొస్తే, వారం పిల్లను చూసి అసలైన అసీల్ అని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. కాదని చెప్పడం మాత్రం తేలిక. అసీల్‌కు తురాయి పొట్టిగా, మూడు వరసలు కలిసిపోయినట్టు వెడల్పుగా ఉంటుంది. పిల్ల నెత్తి మీద గోటితో మెల్లగా తడిమితే చదునుగా తగులుతుంది. సన్నగా ఒకే గీతలా నిలబడి ఉంటే అది మేలైన అసీల్ కాదు. ఈ పెట్టెలో పసుప్పచ్చ పిల్లలన్నీ ఒంటి గీతవే. గుడ్ల కోళ్ళ హేచరీలు అక్కర్లేదని వదిలించుకునే మగపిల్లలు సరిగ్గా అలాగే ఉంటాయి.

వ్యాక్సిన్ల అబద్ధమే అన్నిటికన్నా ప్రమాదకరం. వారం వయసులోపు మామూలుగా వేసేవి రెండే: హేచరీలోనే మొదటిరోజు మెడ చర్మం కింద వేసే మారెక్స్ (కాళ్ళు పడిపోయే జబ్బు) టీకా, ఐదు నుంచి ఏడో రోజు మధ్య కంట్లోనో ముక్కులోనో చుక్కగా వేసే కొక్కెర తెగులు మొదటి టీకా. గంబోరో అనే ఇంకో వైరస్ జబ్బు టీకా రెండో వారంలో వస్తుంది. కొక్కెర తెగులుకే లసోటా అనే టీకా మళ్ళీ నాలుగో వారం దరిదాపుల్లో. మశూచి టీకా ఆరు వారాలు దాటాక, కొక్కెర తెగులుకు ఆర్‌టూబీ ఇంజెక్షన్ ఎనిమిదో వారంలో. కాబట్టి వారం పిల్లకు "అన్నీ వేసేశాం" అన్నవాడు అబద్ధం చెబుతున్నాడని ఆ మాటలోనే తెలిసిపోతుంది. ఆ మాట నమ్మి రైతు మిగతా టీకాలు మానేస్తాడు. రెండు నెలలకు కొక్కెర వచ్చి మంద మొత్తం ఊడ్చుకుపోతుంది, అప్పటికి అమ్మినవాడి మీదకు ఎవరి అనుమానమూ వెళ్ళదు. టీకా వేశామంటే సీసా మీది బ్యాచ్ నంబరు, వేసిన తేదీ అడగండి. వేసినవాళ్ళ దగ్గర ఆ రెండూ ఉంటాయి.

పిల్లలు చనిపోవడం మొదలయ్యాక ఈ అమ్మకందారు నుంచి వచ్చే జవాబు ఒకటే: "మీ బ్రూడింగ్ బాలేదు", అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచి పెంచడం సరిగా లేదని. కొత్తగా పెంచేవాళ్ళు ఆ మాటకు తల వంచేస్తారు. వంచకండి. ఏ రోజున, ఏ లక్షణంతో చనిపోయాయో రాసి పెట్టుకుంటే తప్పు ఎవరిదో చాలావరకు ఆ లెక్కే చెబుతుంది. మంచి హేచరీ పిల్లల్లో మొదటి వారం నూటికి ఒకటి రెండు పోవడం మామూలే, దాన్ని ఎవరి మీదా వెయ్యలేం.

వచ్చిన రోజు, మర్నాడు పోయినవి ప్రయాణం ఖాతాలోవి. కాళ్ళ మీది చర్మం ముడతలు పడి నరం తేలి కనిపిస్తే నీళ్ళు చాలక పోయిందన్నమాట. మొదటి నాలుగైదు రోజుల్లో పొట్ట ఉబ్బి, బొడ్డు తడిగా, ఎర్రగానో నల్లగానో ఉండి, దగ్గరకు తీసుకుంటే కుళ్ళు వాసన వస్తే అది బొడ్డు జబ్బు. మురికి గుడ్లు పొదగడం వల్లనో, శుభ్రం చెయ్యని ఇంక్యుబేటర్ వల్లనో పచ్చసొన సంచిలో క్రిములు చేరతాయి. కోసి చూస్తే పచ్చసొన ఇంకకుండా గోధుమరంగులోనో ఆకుపచ్చగానో నీళ్ళలా ఉంటుంది. మన బల్బుకు, మన మేతకు దాంతో చాలావరకు సంబంధం లేదు. దీనికి సరైన మందు కూడా లేదు.

రెండో వారం నుంచి మూడో వారం దాకా పోతూ ఉంటే తెల్లపారుడును అనుమానించాలి. సున్నంలాంటి తెల్లటి రెట్ట వెనక భాగానికి అంటుకుని గడ్డకట్టి దారి మూసేస్తుంది. పిల్ల రెక్కలు వాల్చి మునగదీసుకుంటుంది, రెట్ట వేసేటప్పుడు కీచుమంటుంది. ఈ పుల్లోరం క్రిమి తల్లికోడి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి పిల్లకు వస్తుంది. అంటే లోపం తల్లికోళ్ళ మందది. శవపరీక్షలో కార్జం, గుండె, ఊపిరితిత్తుల మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఈ పెట్టె పిల్లలు మొదటి రోజుల్లో బొడ్డు జబ్బుతోనూ, రెండో వారంలో తెల్లపారుడుతోనూ పోయాయి. ఈ రెండూ బ్రూడింగ్ లోపాలు కావు. ఒక జాగ్రత్త: చలి తగిలిన పిల్లలకు కూడా రెట్ట అంటుకుంటుంది. గోరువెచ్చని నీళ్ళతో తుడిచి వేడి సరిచేస్తే అది రెండు రోజుల్లో తగ్గిపోతుంది. తగ్గకుండా చావులు పెరిగితే తెల్లపారుడును అనుమానించాలి.

మన వైపు తప్పులూ ఉంటాయి, అవి ఒప్పుకోవాలి. మూడో వారం తర్వాత నెత్తురు రెట్ట వేస్తే కాక్సిడియా అనే పేగు జబ్బు, తడిసిన ఊక వల్ల ఎక్కువవుతుంది. వానాకాలంలో బూజు పట్టిన ఊక పరిస్తే పిల్లలు చప్పుడు లేకుండా నోరు తెరిచి ఊపిరి లాగుతూ పోతాయి, ఊపిరితిత్తుల్లో పసుపు గింజల్లాంటివి కనిపిస్తాయి. వీటికి అమ్మినవాణ్ణి నిలదీయడం న్యాయం కాదు.

అందుకే శవపరీక్ష ముఖ్యం. అప్పుడే చచ్చినవి రెండు మూడు, చావడానికి సిద్ధంగా ఉన్నవి రెండు తీసుకెళ్ళాలి. చచ్చినవాటిని రెండు పాలిథిన్ సంచుల్లో కట్టి ఐసు ముక్కల మధ్య పెట్టండి, గడ్డకట్టించొద్దు, గడ్డకడితే లోపలి భాగాలు పాడై ఏమీ తేలదు. ఇంట్లో తిండి పెట్టే ఫ్రిజ్‌లో అసలే వద్దు. ఆ రోజే మండల పశువైద్యశాలకు వెళ్ళండి. విజయనగరం జిల్లా వాళ్ళకు గరివిడి పశువైద్య కళాశాల దగ్గర. వైద్యుడు చూసింది కాగితం మీద తేదీతో రాయించుకోండి. తర్వాత ఆ కాగితానికున్న విలువ వంద వాట్సాప్ మెసేజీలకుండదు.

ఇక పెట్టె అందిన గంటలో చెయ్యాల్సినవి. పార్శిల్ దించిన చోటే, తాడు కోయకముందు నుంచీ ఆపకుండా వీడియో తియ్యండి. పెట్టె మీది చీటీ, పార్శిల్ రశీదు, లోపలి పిల్లలు, చచ్చినవాటి లెక్క, అన్నీ ఒకే వీడియోలో రావాలి. ఇంటికి చేరేసరికి బ్రూడర్ వెచ్చగా ఉండాలి: మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించాలి. వంద పిల్లలకు వంద వాట్ల బల్బులు రెండు, నేలకు అడుగున్నర ఎత్తున. పిల్లలు బల్బు కింద గుంపు కడితే చలి, దూరంగా పోయి రొప్పితే వేడి ఎక్కువ. రెండంగుళాల పొడి ఊక మీద మొదటి రోజులు కాగితం పరవాలి. కరెంటు పోతే కుంపటి పెట్టొచ్చు గాని నిప్పులు పూర్తిగా రాజుకుని పొగ ఆగాకే లోపలికి తేవాలి.

మొదట నీళ్ళు, తర్వాతే మేత. లీటరు నీళ్ళలో 50 గ్రాముల బెల్లం కరిగించి, ఒక్కో పిల్ల ముక్కు ముంచి తాగడం అలవాటు చెయ్యాలి. రెండు గంటల తర్వాత మొక్కజొన్న రవ్వో చోడి నూకో కాగితం మీద చల్లి, మర్నాటి నుంచి స్టార్టర్ మేత (చిన్న పిల్లలకని అమ్మే మేత) పెట్టాలి. అమ్మకందారు ఫోన్‌లో చెప్పే యాంటీబయాటిక్ పొడిని కొనకండి. ఏ జబ్బో తెలియకుండా వేస్తే పిల్లకు మేలు జరగదు, పరీక్షలో క్రిమీ దొరకదు.

ఇంట్లో ముందే ఉన్న కోళ్ళకు వీటిని కనీసం మూడు వారాలు దూరంగా ఉంచాలి. పాత కోళ్ళ పని ముందు, కొత్త పిల్లల పని తర్వాత, చెప్పులు వేరు, నీళ్ళ గిన్నెలు వేరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి తెలిసిందే. ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని పిల్లల్ని నేరుగా పెరట్లో వదలడం ఊరందరి కోళ్ళనూ పణంగా పెట్టడమే. చచ్చినవాటిని గెడ్డలోనో చెరువు గట్టునో పారేయకుండా మూడడుగుల గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

డబ్బు విషయం. ఈ అమ్మకందారు "లైవ్ గ్యారంటీ" అంటే అర్థం, చచ్చినవాటికి బదులు పిల్లల్ని వచ్చే ఆర్డరుతో కలిపి, బస్సు ఖర్చు మళ్ళీ మన దగ్గరే తీసుకుని పంపడం. ఒప్పుకోకండి. బదులు వచ్చేవి కూడా అదే మంద పిల్లలు, అదే జబ్బు. డబ్బే వెనక్కి అడగండి. అందిన రోజే మెసేజీ పెట్టండి: ఆర్డరు తేదీ, యూపీఐ లావాదేవీ నంబరు, చచ్చినవి ఎన్ని, జబ్బువి ఎన్ని, వీడియో, ఎంత డబ్బు ఏ తేదీలోపు ఇవ్వాలి. ఫోన్‌లో మాట్లాడినా ఆ మాటల్ని వెంటనే మెసేజీగా రాసి పంపండి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార విధానమే. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, తెలుగులో మాట్లాడొచ్చు. కదలిక లేకపోతే అమ్మినవాడు ఏ జిల్లాలో ఉన్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వెయ్యొచ్చు. రెండేళ్ళ గడువుంది, 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. "అమ్ముకోవడానికి కొన్నావు కాబట్టి నువ్వు వినియోగదారుడివి కావు" అని బెదిరిస్తే, బతుకుతెరువు కోసం స్వయంగా చేసుకునే పనికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉందని చెప్పండి. డబ్బు తీసుకుని పిల్లల్నే పంపకుండా నంబరు బ్లాక్ చేస్తే అది సైబర్ మోసం, ఆలస్యం లేకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పాలి. జబ్బు పిల్లల తగాదాకు మాత్రం 1930 పనికిరాదు. చిరునామా లేనిదే నోటీసు వెళ్ళదు కాబట్టి డబ్బు పంపకముందే అమ్మేవాడి పూర్తి పేరు, చిరునామా రాయించుకోవాలి. ఇవ్వనన్నవాడి దగ్గర కొనడం అక్కడితో ఆపెయ్యండి.

చివరగా, ఈ పెట్టెలోంచి బతికి బట్టకట్టిన పిల్లల సంగతి. తెల్లపారుడు నుంచి కోలుకున్న పెట్ట చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది, గుడ్లూ పెడుతుంది, గుడ్డుతోపాటు క్రిమిని పిల్లలకు ఇస్తూనే ఉంటుంది. ఆ గుడ్లను బాగా ఉడికించి తినొచ్చు గాని పొదుగుకు పెట్టకూడదు, పక్కింటివాళ్ళకు విత్తనంగా ఇవ్వకూడదు. గుడ్లకు వచ్చే వయసులో పశువైద్యుడితో రక్తపరీక్ష చేయించండి. పలక మీద ఒక చుక్క రక్తం, ఒక చుక్క రంగు యాంటిజెన్ (పరీక్షకు వాడే ద్రవం) కలిపితే రెండు నిమిషాల్లో తేలుతుంది. గడ్డకట్టినట్టు రవ్వలు తేలితే ఆ కోడిని మందలో ఉంచొద్దు.